విద్యార్థి సంఘం ఎన్నికలు: హాజరు పట్టీ నుంచి ఖర్చుల లెక్క దాకా

విద్యార్థి సంఘం ఎన్నికల్లో దిగాలనుకున్నవాళ్ళు మొదట నినాదాల గురించీ పోస్టర్ల గురించీ ఆలోచిస్తారు. ఎక్కువమంది దెబ్బతినేది మాత్రం వేరేచోట. హాజరు పత్రం మీద సంతకం సమయానికి పడదు, ఓటర్ల జాబితాలో పేరు తప్పుగా ఉంటుంది, ఖర్చు బిల్లులు దొరకవు. ప్రచారానికి దొరికేది కొద్దిరోజులు. ఆ రోజులు మీకు అక్కరకు రావాలంటే పని తరగతులు మొదలైన వారంలోనే మొదలవ్వాలి.

దేశంలో ఈ ఎన్నికలకు ఆధారం లింగ్డో కమిటీ సిఫార్సులు. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన ఏర్పడిన ఈ కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు వాటిని అమలు చేయమని ఆదేశించింది. దీనికి తోడు ప్రతి విశ్వవిద్యాలయానికీ సొంత సంఘ నియమావళి ఉంటుంది. రెండూ తెచ్చుకుని చదవండి. సీనియర్లు చెప్పే "మన దగ్గర ఇలాగే నడుస్తుంది" అనే మాట నామినేషన్ల పరిశీలన రోజున పనికిరాదు.

పదవులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, సంయుక్త కార్యదర్శితో పాటు సాంస్కృతిక, క్రీడా కార్యదర్శులను కూడా విద్యార్థులే నేరుగా ఎన్నుకుంటారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో కేంద్ర సంఘానికి నాలుగే పదవులు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో (జేఎన్‌యూ) ఆ నాలుగింటితో పాటు స్కూళ్ళవారీగా, అంటే అధ్యయన విభాగాలవారీగా కౌన్సిలర్లు ఉంటారు.

అర్హత: ముందు తేల్చుకోవాల్సింది ఇదే

లింగ్డో నియమాల ప్రకారం డిగ్రీ స్థాయి అభ్యర్థుల వయసు 17 నుంచి 22 మధ్య ఉండాలి. పీజీ వాళ్ళకు గరిష్ఠంగా 24-25, పరిశోధక విద్యార్థులకు 28. నాలుగైదేళ్ళ వృత్తి కోర్సులున్న కళాశాలల్లో సడలింపుకు వీలుంది. జేఎన్‌యూ ఎన్నికల మీద 2008లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2011 చివర్లో కొన్ని సడలింపులు ఇచ్చాకే 2012లో మళ్ళీ ఓటింగ్ జరిగింది. కాబట్టి వయసు సంగతి మీ విశ్వవిద్యాలయం నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. వయసును ఏ తేదీ నాటికి లెక్కిస్తారన్నది అంతకంటే ముఖ్యం. నామినేషన్ రోజుకా, పోలింగ్ రోజుకా అనేది స్పష్టంగా లేకపోతే ఎన్నికలు జరిపించే అధికారిని, అంటే రిటర్నింగ్ ఆఫీసర్‌ను రాతపూర్వకంగా అడగండి. రుజువుగా పదో తరగతి మెమో సరిపోతుంది.

హాజరు విశ్వవిద్యాలయం పెట్టిన శాతం గానీ 75 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది ఉండాలి. ఇక్కడే చాలామంది జారిపోతారు. కొత్త సెమిస్టర్ మొదలై ఆరేడు వారాలే అయివుంటుంది కాబట్టి నాలుగైదు క్లాసులు పోయినా శాతం చటుక్కున పడిపోతుంది. ప్రచార సన్నాహాల కోసం క్లాసులు మానేసినవాళ్ళే చివరికి హాజరు పత్రం కోసం శాఖాధిపతి గది ముందు నిలబడతారు. హాజరు రిజిస్టరు లేని పరిశోధక విద్యార్థులు గైడ్ నుంచి, శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. గైడ్ సెమినార్ కోసం ఊరు వెళ్తే మీ నామినేషన్ ఆగిపోతుంది, ముందే అడిగి పెట్టుకోండి.

పోటీ చేసే ఏడాదిలో బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు. రెగ్యులర్, పూర్తికాలపు విద్యార్థి అయివుండాలి. దూరవిద్య వాళ్ళకు అవకాశం లేదు. నేరచరిత్ర విషయంలో నియమం చెప్పేది కోర్టు విచారణ ఎదుర్కొన్నవాళ్ళ గురించీ శిక్ష పడినవాళ్ళ గురించీ. ధర్నాలో పేరు రాసిన ఎఫ్ఐఆర్ ఒక్కటే ఉంటే అది విచారణ కిందికి రాదని వాదించడానికి చోటుంది. అసలు ప్రమాదం విశ్వవిద్యాలయం తీసుకున్న క్రమశిక్షణ చర్య నుంచి వస్తుంది. రెండేళ్ళ కిందటి హాస్టల్ గొడవలో వేసిన జరిమానా ఉత్తర్వును ప్రత్యర్థి వెతికి పట్టుకొస్తాడు. మీ మీద ఏమైనా ఉత్తర్వు ఉందేమో క్యాంపస్ క్రమశిక్షణ చూసే ప్రాక్టర్ కార్యాలయంలో ముందే కనుక్కోండి. ఉంటే, అది హెచ్చరికా చర్యా అన్నది కాగితం మీద తేల్చుకోండి.

చాలామందికి తెలియని నియమం ఇంకొకటి ఉంది. అధ్యక్షుడు, కార్యదర్శి లాంటి ఆఫీస్ బేరర్ పదవికి జీవితంలో ఒక్కసారే పోటీ చేయవచ్చు, కార్యవర్గ సభ్యత్వానికి రెండుసార్లు. గెలిచారా ఓడారా అన్నదాంతో పనిలేదు, పోటీ చేస్తే అవకాశం అయిపోయినట్టే. అందుకే మొదటి ఏడాదిలోనే అధ్యక్ష పదవికి దూకడం మంచిది కాదు. ముందు కౌన్సిలర్‌గానో కార్యవర్గంలోనో ఒక ఏడాది పనిచేస్తే రిజిస్ట్రార్ కార్యాలయం ఎలా నడుస్తుందో, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఆగుతుందో తెలుస్తుంది. ఆ తెలివిడి ఉన్నవాళ్ళు పైపదవిలో నిజంగా పని చేయగలుగుతారు.

సంస్థతోనా, స్వతంత్రంగానా

క్యాంపస్ రాజకీయాల్లో ఎక్కువమంది ఏదో ఒక విద్యార్థి సంస్థ ద్వారానే దిగుతారు. సంస్థ ఉంటే బూత్ ఏజెంట్లు దొరుకుతారు, అనుభవం దొరుకుతుంది, కలిసి పోటీచేసే ప్యానెల్‌లో మిగతా అభ్యర్థుల ఓట్లూ కొంత కలిసొస్తాయి. చేరేముందు సూటిగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. అభ్యర్థిని ఎవరు నిర్ణయిస్తారు, యూనిట్ సమావేశంలో ఓటు వేస్తారా లేక బయట నుంచి పేరు వస్తుందా? డబ్బు ఎక్కడిది? గెలిచాక సంస్థ నిర్ణయం, విద్యార్థుల జనరల్ బాడీ నిర్ణయం ఢీకొంటే ఏది చెల్లుతుంది? రాజకీయ పార్టీల డబ్బు వాడటాన్ని లింగ్డో నియమాలు సూటిగా నిషేధించాయి. విద్యార్థులు స్వచ్ఛందంగా ఇచ్చే విరాళాలే తీసుకోవాలి. పొత్తుల చర్చలు నామినేషన్ల ఉపసంహరణ గడువు చివరి గంట దాకా సాగుతాయి. పొత్తులో మీరు తప్పుకోవాల్సి వస్తే ఉపసంహరణ పత్రం మీద మీ సంతకమే కావాలి. దాన్ని ముందే ఖాళీగా సంతకం పెట్టి ఎవరికీ ఇవ్వకండి.

స్వతంత్ర అభ్యర్థికి కనీసం పదిహేను, ఇరవైమంది నిలకడగా పనిచేసేవాళ్ళు లేకపోతే కౌన్సిలర్ స్థాయి పోటీయే సబబు. క్యాంపస్ మొత్తం తిరగాల్సిన పదవికి ఇద్దరు ముగ్గురు మిత్రులు చాలరు.

అభ్యర్థి కావడం ఒక్కటే మార్గం అనుకోకండి. లెక్కలు రాసేవాళ్ళు, నియమావళి మొత్తం నోటికి వచ్చినవాళ్ళు, కౌంటింగ్ హాల్లో తెల్లవార్లూ కళ్ళు మూయకుండా కూర్చోగలిగినవాళ్ళు ఏ ప్యానెల్‌కైనా తక్కువే. మొదటి ఏడాది విద్యార్థి నేర్చుకోవడానికి పోలింగ్ ఏజెంట్ పనికి మించింది లేదు.

నామినేషన్

నామినేషన్ దాఖలు నుంచి ఫలితాల ప్రకటన దాకా మొత్తం ప్రక్రియ పది రోజులు దాటకూడదు. ఎన్నికలు విద్యా సంవత్సరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య జరగాలి. ఆచరణలో చాలాచోట్ల ఆలస్యమవుతుంది. అయినా నోటిఫికేషన్ వచ్చిందంటే ఇక క్షణం ఉండదు.

ముసాయిదా ఓటర్ల జాబితా బయటపెట్టిన రోజే చూడండి. మీ పేరుతో పాటు మిమ్మల్ని ప్రతిపాదించేవారి, బలపరిచేవారి పేర్లూ రోల్ నంబర్లూ సరిచూడాలి. అడ్మిషన్ ఆలస్యమైన కొత్త విద్యార్థులు, శాఖ మారినవాళ్ళు, ఫీజు రశీదు సర్వర్‌లో ఎక్కనివాళ్ళు జాబితాలోంచి ఎక్కువగా జారిపోతారు. అభ్యంతరాల గడువు ఒకటి రెండు రోజులే ఉంటుంది కాబట్టి ఒక్కో శాఖకు ఒకరిని పెట్టి జాబితా చదివించండి. ఇది ఓటర్లకు మేలు చేసే పని, మిమ్మల్ని వాళ్ళకు పరిచయం చేసే పని కూడా.

ఫారంలో పేరు జాబితాలో ఎలా ఉందో అచ్చం అలాగే రాయాలి. ఇంటిపేరు పొడి అక్షరమా, పూర్తి పేరా అన్న తేడా మీద కూడా గొడవ జరుగుతుంది. ఒకే వ్యక్తి ఒకే పదవికి ఇద్దరిని ప్రతిపాదిస్తే రెండు నామినేషన్లూ చిక్కులో పడతాయి. సంతకం తీసుకునేముందు, ఇదే పదవికి ఇంకెవరినైనా ప్రతిపాదించారా అని వాళ్ళను అడగండి. వీలుంటే వేర్వేరు ప్రతిపాదకులతో రెండు సెట్లు వేయండి, ఒకటి చెల్లకపోయినా రెండోది నిలుస్తుంది. అన్ని పత్రాలకూ నకళ్ళు ఉంచుకుని, అందినట్టు ముద్ర, సమయం వేయించుకోండి. పరిశీలన సమయంలో అభ్యర్థి స్వయంగా ఉండాలి. మీ మీద అభ్యంతరం వస్తే నోటితో వాదించి ఊరుకోకుండా ఏ నియమం కింద తిరస్కరిస్తున్నారో రాసి ఇమ్మనండి. ఆ కాగితం లేకుండా అప్పీలు నిలబడదు.

మ్యానిఫెస్టో రాయడం

మంచి మ్యానిఫెస్టో మూడు రకాల డిమాండ్లను విడదీసి చూపిస్తుంది: సంఘమే చేయగలిగేవి, విశ్వవిద్యాలయ అధికారులు చేయాల్సినవి, విశ్వవిద్యాలయ నిధుల సంఘమో (యూజీసీ) ప్రభుత్వమో తేల్చాల్సినవి. ఉదాహరణకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో జాతీయ అర్హత పరీక్ష (నెట్) ఫెలోషిప్ లేని పరిశోధకులకు ఇచ్చే నాన్‌నెట్ ఫెలోషిప్ పీహెచ్‌డీకి నెలకు 8,000 రూపాయలు. నెట్‌లో ఎంపికైనవాళ్ళకు ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) మొత్తం 2023 జనవరి నుంచి 37,000 అయింది గానీ, నాన్‌నెట్ మాత్రం ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. "మమ్మల్ని గెలిపిస్తే నాన్‌నెట్ పెంచుతాం" అని రాస్తే అబద్ధమే, ఆ నిర్ణయం క్యాంపస్‌లో జరగదు. "నాన్‌నెట్ ప్రతినెలా ఫలానా తేదీలోపు ఖాతాలో పడేలా ఫైనాన్స్ ఆఫీసర్‌తో లిఖిత గడువు సాధిస్తాం, పెంపు కోసం యూజీసీకి వినతి పంపి దాని నకలు అందరికీ పెడతాం" అంటే చేయగలిగిన మాట. పరిశోధక విద్యార్థులు ఈ తేడాను వెంటనే గుర్తుపడతారు.

డిమాండ్లు ఏడెనిమిది చాలు. ఒక్కోదానికి ఎవరి సంతకం కావాలో రాయండి: చీఫ్ వార్డెనా, లైబ్రేరియనా, విద్యార్థి సంక్షేమ డీనా, అకడమిక్ కౌన్సిలా. మెస్ బిల్లు, రాత్రిపూట లైబ్రరీ వేళలు, మహిళా హాస్టల్ గేటు సమయం, వీల్‌చైర్ వెళ్ళే ర్యాంపు, ఎస్సీ ఎస్టీ స్కాలర్‌షిప్ రాకముందే ఫీజు కట్టమని చేసే ఒత్తిడి లాంటివి రోజూ తగిలే సమస్యలు. వాటిని అనుభవించేవాళ్ళ దగ్గర కూర్చుని అడిగి రాయాలి. ఊహించి రాసింది ఇట్టే తెలిసిపోతుంది.

ప్రచారం

అచ్చు పోస్టర్లు, అచ్చు కరపత్రాలు, ఏ రకమైన అచ్చు సామగ్రీ వాడకూడదు. చేత్తో తయారుచేసిన పోస్టర్లే, అవీ ముందుగా ప్రకటించిన చోట్లలోనే అతికించాలి. చేతిరాతకు జిరాక్స్ తీయించడం అచ్చు కిందికి వస్తుందా రాదా అన్నదాని మీద ప్రతి ఏడాదీ తగవు వస్తుంది. రిటర్నింగ్ ఆఫీసర్ దగ్గర జవాబు రాతపూర్వకంగా తీసుకున్నాకే జిరాక్స్ జోలికి వెళ్ళండి. లౌడ్‌స్పీకర్లు, వాహనాలు ప్రచారానికి నిషిద్ధం. ఊరేగింపులూ సభలూ క్యాంపస్ లోపలే, తరగతులకు ఆటంకం లేకుండా, రాతపూర్వక అనుమతితోనే. గోడలు పాడుచేస్తే ఏమవుతుందో 2024లో ఢిల్లీ విశ్వవిద్యాలయం చూసింది. సెప్టెంబరు 27న పోలింగ్ జరిగింది, పోస్టర్లూ రాతలూ శుభ్రం చేసేదాకా లెక్కింపు వద్దని హైకోర్టు ఆపేసింది, ఫలితాలు నవంబరు 25న గానీ రాలేదు. ఏడాది పదవిలో రెండు నెలలు అలా పోయాయి.

ఎన్నికను నిజంగా నిర్ణయించేది గది గదికీ వెళ్ళి కలవడం. లెక్క వేసుకోండి. ఐదు వేల ఓటర్లు, డెబ్భై శాతం పోలింగ్ అనుకుంటే 3,500 ఓట్లు. ముక్కోణపు పోటీలో 1,300 దాటితే గెలుపు అందుబాటులోకి వస్తుంది. గదికి పది నిమిషాల చొప్పున ఒక బృందం రెండున్నర గంటల్లో పదిహేను గదులు తిరుగుతుంది. నాలుగు బృందాలు ఆరు రాత్రులు తిరిగితే 360 గదులు, గదికి ఇద్దరైతే 720 మంది. అంటే హాస్టళ్ళు తిరిగినా సగం పనే. మిగతావాళ్ళు ల్యాబుల్లో, క్యాంటీన్ దగ్గర, బస్సు ఎక్కేచోట దొరుకుతారు. హాస్టల్లో ఉండకుండా ఇంటి నుంచి వచ్చే డే స్కాలర్లను చాలా ప్యానెళ్ళు వదిలేస్తాయి. తక్కువ తేడాతో ఓడిన చోట ఆ వదిలేసిన ఓట్లే తేడా అయివుంటాయి.

బృందంలో ముగ్గురికి మించి వద్దు. గదినిండా జనం చేరితే లోపల ఉన్నవాళ్ళు నోరు విప్పరు. మొదటి మూడు నిమిషాలు మీరు మాట్లాడి, మిగతా ఏడు నిమిషాలు వినండి. బయటికి వచ్చిన వెంటనే పుస్తకంలో గది నంబరు, వాళ్ళు చెప్పిన సమస్య, మీ అంచనా రాయండి: వేస్తారు, తేల్చుకోలేదు, వేయరు. "తప్పకుండా మీకే" అనే మాటను "వేస్తారు" కింద రాయకండి, మర్యాదకు అందరూ అంటారు. మీ సమస్యల జాబితా చూసి ప్రశ్న వేసినవాళ్ళు, ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్ళినవాళ్ళు నిజంగా మీ వైపు ఉన్నట్టు. రెండో విడత తిరగడం "తేల్చుకోలేదు" గదులకే. మహిళా హాస్టళ్ళకు మహిళా కార్యకర్తలే వెళ్ళాలి, వాళ్ళు రాసుకొచ్చిన సమస్యలే మ్యానిఫెస్టోలో పైన ఉండాలి.

కులం, మతం పేరిట ఓట్లు అడగడం నియమావళికి విరుద్ధం. క్యాంపస్‌లో అలాంటి గుంపులు ఉంటాయన్నది నిజమే. అయినా "మనవాడు" అన్న మాట మీద గెలిచిన ప్రతినిధి దగ్గరికి మిగతావాళ్ళు సమస్య చెప్పుకోవడానికి రారు. అక్కడితో సంఘం సంఘంగా మిగలదు.

ఐదు వేల రూపాయలు

ఒక్కో అభ్యర్థి ఖర్చు పరిమితి 5,000 రూపాయలు. దాటితే ఎన్నికే రద్దు కావచ్చు. ఫలితాలు వచ్చిన రెండు వారాల్లో ఆడిట్ చేసిన లెక్కలు ఇవ్వాలి, ఇవ్వకపోయినా అదే శిక్ష. ఆడిట్ అంటే చార్టర్డ్ అకౌంటెంట్ సంతకమా, విశ్వవిద్యాలయ ఆడిట్ విభాగం సంతకం సరిపోతుందా అన్నది మొదటిరోజే కనుక్కోండి. డబ్బు ఒకరి చేతిమీదుగానే పోవాలి, అది అభ్యర్థి కాకపోతే మేలు. ప్రతి చార్టుకూ మార్కర్ డబ్బాకూ తేదీతో బిల్లు, ప్రతి విరాళానికీ ఇచ్చినవారి పేరు, రోల్ నంబరు, సంతకం. మిత్రుడు ఉచితంగా తెచ్చిచ్చిన రంగులకు కూడా విలువ కట్టి రాయండి. ప్యానెల్ ఉమ్మడిగా కొన్నవాటిని అభ్యర్థుల మధ్య పంచి చూపాలి, లేకపోతే మొత్తం అధ్యక్ష అభ్యర్థి నెత్తిన పడుతుంది. చివరి రెండు రోజులకని పదిహేను వందలు పక్కన పెట్టండి. వాన పడి పోస్టర్లు తడిసిపోతే మళ్ళీ రాయాల్సి వస్తుంది.

పోలింగ్, లెక్కింపు

పోలింగ్ రోజు మంచినీళ్ళు తప్ప తినేవీ తాగేవీ ఏవీ పంచకూడదు, ప్రచార సామగ్రి అసలే కూడదు. విద్యార్థులు కానివాళ్ళు ఏ రూపంలోనూ పాల్గొనకూడదు. నిరుడు చదువు పూర్తిచేసుకున్న సీనియర్ కూడా అందులోకే వస్తారు.

బూత్‌కు ఒక ఏజెంట్, అతనికి విరామం ఇవ్వడానికి ఇంకొకరు ఉండాలి. పాసులు ముందురోజే తీసుకోండి. పోలింగ్ మొదలుకాకముందే పెట్టె ఖాళీగా ఉందో లేదో చూసి, సీలు మీద సంతకం పెట్టాలి. ఎన్ని బ్యాలెట్లు వచ్చాయో మొదట రాసుకోండి, ముగిశాక ఎన్ని వాడారో, ఎన్ని పాడయ్యాయో, ఎన్ని మిగిలాయో రాసి అధికారి సంతకం తీసుకోండి. ఈ నాలుగు అంకెలు లేని ఏజెంటు లెక్కింపు హాల్లో ఉన్నా లేనట్టే. ఓటింగ్ యంత్రాలున్నచోట ముందుగా జరిపే నమూనా ఓటింగ్ (మాక్ పోల్) చూసి, అందులో పడ్డ ఓట్లు చెరిపేశారని నిర్ధారించుకుని, చివర మొత్తం అంకె రాసుకోవాలి.

లెక్కింపుకు ముందే చెల్లని ఓటు అంటే ఏమిటో అందరి ముందూ తేల్చమనండి: గీత దాటిన గుర్తు, రెండు గుర్తులు, పేరు రాసిన బ్యాలెట్. ఒక్కసారి కట్టలు విప్పాక ప్రతి వాళ్ళూ తమకు లాభమైన అర్థమే చెబుతారు. మొదట పెట్టెలోని బ్యాలెట్ల సంఖ్యను ఏజెంటు అంకెతో సరిపోల్చాలి, తరువాతే అభ్యర్థులవారీగా వేరు చేయాలి. తేడా ఉంటే అక్కడే ఆపి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. మళ్ళీ లెక్కించమనే కోరిక ఫలితం ప్రకటించకముందే పెట్టాలి. లెక్కింపు రాత్రంతా సాగుతుంది, అందుకే ఇద్దరిద్దరుగా వంతులు వేసుకోండి. నిద్రమత్తులో సంతకం పెట్టిన కాగితం తరువాత మీకే అడ్డొస్తుంది.

ఫిర్యాదుల పరిష్కార విభాగం విద్యార్థి సంక్షేమ డీన్ అధ్యక్షతన పనిచేస్తుంది. అందులో ఒక సీనియర్ అధ్యాపకుడు, ఒక పాలనాధికారి, చివరి ఏడాది విద్యార్థులు ఇద్దరు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు అమ్మాయి అయివుండాలి. ఫలితాలు వచ్చిన మూడు వారాల్లోపు ఫిర్యాదు చేయవచ్చు. ఏ నియమం, ఏ తేదీ, ఏ చోటు, ఎవరు చూశారు అన్నది వరుసగా రాయండి. ఫొటోలో సమయం కనిపించాలి. నిర్ణయం నచ్చకపోతే సంస్థ అధిపతికి అప్పీలు ఉంటుంది, దానికి గడువు చాలా తక్కువ, గంటల్లోనే ఉంటుంది కాబట్టి అప్పీలు ముసాయిదా ముందే సిద్ధంగా ఉంచుకోండి.

ఎన్నికలే లేని క్యాంపస్‌లో

తెలుగు రాష్ట్రాల్లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మూడు దశాబ్దాలకు పైగా ప్రత్యక్ష సంఘ ఎన్నికలు లేవు. అక్కడ చదివేవాళ్ళకూ కొన్ని తలుపులు తెరిచే ఉన్నాయి. లైంగిక వేధింపుల నివారణపై యూజీసీ 2015 నిబంధనల ప్రకారం, విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదుల్లో అంతర్గత ఫిర్యాదుల కమిటీలో డిగ్రీ, పీజీ, పరిశోధన స్థాయిల నుంచి ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు ఉండాలి, వాళ్ళను పారదర్శకంగా, ప్రజాస్వామ్య పద్ధతిలో ఎన్నుకోవాలి. చాలాచోట్ల అధికారులు పేర్లు నింపేసి ఊరుకుంటారు. మీ దగ్గర ఆ ముగ్గురు ఎవరు, ఎప్పుడు ఎన్నికయ్యారు, నోటిఫికేషన్ నకలు ఏది అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. కేంద్ర సంస్థల్లో రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు ముప్పై రోజులు. ఎన్నిక జరగలేదని తేలితే, తరగతులవారీగా సంతకాలు సేకరించి ఎన్నిక జరపమని రిజిస్ట్రార్‌కు వినతి ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. మెస్ కమిటీలకూ ఇదే దారి. ప్రతినిధులను ఎన్నుకోవడం, ఖర్చు లెక్కలను నోటీసు బోర్డు మీద పెట్టించడం, సమావేశాల మినిట్స్ అడగడం మెస్ నుంచే మొదలుపెట్టవచ్చు. ఆ పని ఒక ఏడాది సాగితే సంఘ ఎన్నికలు కావాలని అడిగే జనం అక్కడే తయారవుతారు.